ఉప్పు చూడని తొమ్మిది వారాలు

2024 సంక్రాంతికి వారం ముందు గాజులకు మెరుగు పెట్టిద్దామని గుంటూరు బ్రాడీపేటలో మాకు అలవాటైన నగల కొట్టుకు వెళ్ళాను. పెళ్ళికి మా అమ్మ పెట్టిన గాజులు, రెండు ఆరు సైజు. చేతి నుంచి తీసి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. కొట్టులో కుర్రాడు సబ్బు నురగ రాశాడు, కొబ్బరినూనె రాశాడు, చివరకు చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి దాని మీదుగా జార్చబోయాడు. బొటనవేలి మొదట్లో ఎముక దగ్గర ఆగిపోయాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "కోసి, ముక్క అతికించి పెద్దవి చెయ్యాలమ్మా. ఇక తగ్గే వయసు కాదుగా" అన్నాడు. మెరుగు పెట్టించకుండానే ఇంటికి వచ్చేశాను.

అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 81.4 కిలోలు. జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతాను కాబట్టి అంకెలంటే భయం లేదు గానీ, ఈ ఒక్క అంకెను మూడేళ్ళుగా తప్పించుకు తిరిగాను. కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే 33 పైన వచ్చింది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. థైరాయిడ్ మాత్ర ఆరేళ్ళ నుంచి వేసుకుంటున్నాను. మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 6.2 ఉంది. అది 6.5కి చేరితే షుగరు వ్యాధి అని రాసేస్తారు.

మా వీధి చివర ఒక ఇంటి కింది వాటాలో భోజనానికి బదులు పొడి కలిపిన షేక్‌లు తాగించి బరువు తగ్గించే క్లబ్బు ఉంది. ముందు అక్కడికే వెళ్ళాను. పొద్దున్న ఆరింటికి ఇరవై మంది ఆడవాళ్ళు, గోడ నిండా ముందు-తరవాత ఫొటోలు, ఎవరైనా అరకిలో తగ్గితే చప్పట్లు. రెండు చేతులతో పట్టుకునే ఒక యంత్రం ఇచ్చి నా "శరీర వయసు" యాభై ఎనిమిది అని తేల్చారు. మర్నాడు రెండు గ్లాసుల నీళ్ళు తాగి పట్టుకుంటే యాభై ఐదు అంది. ఒక్క రాత్రిలో మూడేళ్ళు వెనక్కి వెళ్ళానన్నమాట! అయినా అక్కడి సందడి నాకు నచ్చింది. మన ఆడవాళ్ళకు పొద్దున్నే ఇల్లు వదిలి ఒక గంట తమ కోసం కూర్చునే చోటు ఎక్కడుంది? షేక్ కూడా బాగానే ఉంది, మధ్యాహ్నం దాకా ఆకలి వేయలేదు.

నచ్చనివి రెండు. ఐదో రోజు నుంచే "మీరూ ఇద్దరిని చేర్పిస్తే మీ డబ్బా ధర తగ్గుతుంది, లెక్చరరు కదా, మీ మాట వింటారు" అని మొదలుపెట్టారు. రెండోది అంతకంటే పెద్దది. నేను పొద్దున్న ఐదున్నరకు థైరాయిడ్ మాత్ర వేసుకుని, ఆరుంబావుకల్లా షేక్ తాగుతున్నాను. మాత్రలేమైనా వాడుతున్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. నేనే చెబితే, "కొన్నాళ్ళు పోతే మీకు మాత్రల అవసరమే ఉండదు" అన్నారు. పదకొండో రోజు నుంచి వెళ్ళడం మానేశాను.

మా కుటుంబ డాక్టరుగారు ఆ సంగతి విని తల పట్టుకున్నారు. షేక్ పొడిలో కాల్షియం, ఇనుము కలుపుతారు. అవి థైరాయిడ్ మాత్రను పేగుల్లో పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలట. సోయా ఉన్నా అంతే, జాగ్రత్త కావాలి. "పది రోజులుగా మీరు మాత్ర వేసుకున్నట్టూ కాదు, మానేసినట్టూ కాదు" అన్నారు.

షేక్‌లను మాత్రం ఆయన కొట్టిపారేయలేదు, నేను ఆశ్చర్యపోయింది అందుకే. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరిశోధన గురించి చెప్పారు. 2017 చివర్లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందది. టైప్ 2 షుగరు ఉన్నవాళ్ళకు మూడు నుంచి ఐదు నెలలు మామూలు తిండి పూర్తిగా మాన్పించి, రోజుకు సుమారు 850 క్యాలరీల షేక్‌లు, సూపుల మీదే ఉంచారు. ఏడాది తిరిగేసరికి అందులో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు వ్యాధి హద్దు కిందికి దిగింది. రెండేళ్ళకు ఆ సంఖ్య 36 శాతమైంది. నేను ఉత్సాహపడడం చూసి ఆయన వేలు ఎత్తారు. "అది నర్సులు, డైటీషియన్లు వెంట ఉండి చేయించింది. మొదటి రోజే షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపించి, కనిపెట్టుకుని ఉన్నారు. మీరు ఇంట్లో కూర్చుని సొంతంగా చేసేది కాదు." 1970లలో అమెరికాలో ద్రవ ప్రొటీన్ సీసాల మీదే బతికి బరువు తగ్గబోయిన పదుల మంది ఎలా చనిపోయారో కూడా చెప్పారు. చర్మాలు, స్నాయువులు ఉడకబెట్టి తీసిన నాసి ప్రొటీన్ అది. ఒంట్లో ఖనిజాలు తరిగిపోయి గుండె లయ తప్పింది. తొందరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడతాయని నాకు కడుపు స్కానింగు కూడా తీయించారు. రాళ్ళు లేవు.

తేలింది ఏమిటంటే, రోజుకు రెండు పూటలు షేక్, ఒక పూట అన్నం, పన్నెండు వారాలు. ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నా విద్యార్థుల్లో ఒకతెలా ఉంది. డబ్బా ఎంచుకునేటప్పుడు ముందు బొమ్మ కాదు, వెనక అక్షరాలు చదవమని నేర్పింది. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం. పదార్థాల వరుసలో రెండో పేరే చక్కెర అయితే డబ్బా అక్కడే పెట్టేయమంది. ఒక పూట భోజనానికి బదులుగా తాగేది అంటే అందులో 200 నుంచి 400 క్యాలరీలు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం, అందులో కనీసం పావు వంతు ప్రొటీన్ నుంచి రావాలి. దుకాణంలో "స్లిమ్" అని పేరున్న ఒక డబ్బా వెనక్కి తిప్పి చూస్తే గ్లాసుకు ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంది, అది పిల్లలు పాలలో కలుపుకునే పొడికి పెద్దమ్మ కూతురు. నేను తీసుకున్న దానిలో టోన్డ్ పాలతో కలిపితే గ్లాసుకు 250 క్యాలరీలు, 19 గ్రాముల ప్రొటీన్. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూసి మరీ కొన్నాను.

జనవరి 22, సోమవారం మొదలు. తెల్లవారుజామున ఐదింటికి మాత్ర, తొమ్మిదిన్నరకు కళాశాలలో షేక్, ఒంటిగంటకు భోజనం, ఐదింటికి మజ్జిగ, గుప్పెడు వేయించిన సెనగలు, రాత్రి ఏడున్నరకు మళ్ళీ షేక్. భోజనంలో అన్నం టీ కప్పుతో కొలిచి ఒక్కటి, కూర రెండు కప్పులు, పప్పు ఒక కప్పు, పెరుగు, ఒక గుడ్డు. మొత్తం పన్నెండు వందల క్యాలరీల చిల్లర.

కలపడం కూడా ఒక విద్యే. మొదటి రోజు గోరువెచ్చని పాలలో వేస్తే పొడి ఉండలు కట్టింది. వేడి పాలలో వేస్తే విరిగినట్టయింది. డబ్బాతో ఇచ్చిన మూత గ్లాసులో వేసి ఎంత ఊపినా అడుగున మూలల్లో తడవని పొడి మిగిలేది. మిక్సీలో వేస్తే మోతకు ఇల్లంతా లేచేది. నాలుగో రోజు మా అత్తయ్య వంటింట్లోకి వచ్చి, నా అవస్థ చూసి, మజ్జిగ కవ్వం తీసి చేతికిచ్చారు. ముందు చల్లటి పాలు పోసి, పొడి పైన చల్లుతూ, రెండు అరచేతుల మధ్య కవ్వాన్ని యాభైసార్లు తిప్పితే ఒక్క ఉండ లేదు, పైన రెండంగుళాల నురగ. ఎక్కడి కంపెనీ పొడి, ఎక్కడి మా అత్తవారింటి వేపకర్ర కవ్వం!

మొదటి నాలుగు రోజులు తలనొప్పి. మూడో రోజు నుంచి మలబద్ధకం. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు, రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్‌తో దారికి వచ్చింది. మొదటి ఆదివారం తూకం చూస్తే 79.3. రెండు కిలోలకు పైగా! మావారు కూడా పేపరు పక్కన పెట్టి లేచి వచ్చి చూశారు. అది కొవ్వు కాదని డైటీషియన్ ముందే చెప్పింది. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం తన బరువుకు మూడింతల నీటిని పట్టుకుని ఉంటుందట, అది ఖర్చైతే నీళ్ళూ పోతాయి. తెలిసీ సంబరపడ్డాను. రెండో వారం 79.0. మూడో వారం 79.2. పెరిగాను!

రెండు పూటలు గ్లాసుడు పాలు తాగి, కప్పు అన్నం తింటూ పెరగడమేమిటి? ఏడుపు ముఖంతో ఆసుపత్రికి వెళ్ళాను. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఏ పాలు, మేడం?" అని.

"మా పాలబ్బాయి పోసేవి. గేదె పాలు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. లెక్క వేసింది. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, చిక్కటి గేదె పాలలో దానికి రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 200 మిల్లీలీటర్లకు 120 క్యాలరీలు అనుకున్నచోట 200 దాటుతున్నాయి. రోజుకు రెండు గ్లాసులు, ఆ పైన మూడు కాఫీలు. అయినా అది మొత్తం కాదు. "మూడు రోజులు నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయండి. తిన్నది కాదు, నోట్లోకి వెళ్ళింది" అని ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చింది. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

కామర్స్ చదివినవాళ్ళకు చిల్లర ఖర్చుల పుస్తకం సంగతి తెలుసు. పెద్ద పద్దులన్నీ రసీదులతో సరిగ్గా ఉంటాయి. ఆఫీసు మునిగేది టీలు, ఆటోలు, తపాలా బిళ్ళల దగ్గర. నా నోటు పుస్తకంలో రెండో రోజు పేజీ ఇలా ఉంది. కొబ్బరి చట్నీ ఉప్పు చూడడానికి ఒక చెంచా, చాలలేదని వేసి మళ్ళీ ఒకటి. చిన్నవాడు స్కూలు బస్సు వచ్చిందని వదిలేసిన అర దోసె. క్యారియర్లు సర్దుతూ బంగాళదుంప వేపుడు నాలుగు ముక్కలు. పప్పు ఉడికిందో లేదోనని గరిటె చివర. తరవాత వంకాయ వేపుడు తీసేసిన బాణలి. అందులో అంటుకున్న కారం, నూనె వదలబుద్ధి కాక రెండు గుప్పెళ్ళ వేడి అన్నం వేసి తుడిచి తినడం. అది నాకు తిండి అని ఎప్పుడూ తోచలేదు, గిన్నె కడగడంలో భాగం అనుకున్నాను. సాయంత్రం డబ్బాలో జంతికలు మెత్తబడ్డాయేమో చూడడం. రాత్రి పెద్దది కంచంలో వదిలిన పెరుగన్నం. పారబొయ్యడమెలా? అన్నం పరబ్రహ్మ స్వరూపం కదా.

కూర్చుని కూడితే ఆరు వందల క్యాలరీలు దాటాయి. ఒక పూట భోజనం కంటే ఎక్కువ. నేను మూడు పూటలూ కంచం ముందు కూర్చుని తిన్నదాంతో లావెక్కలేదు. నిలబడి తిన్నదాంతో ఎక్కాను. ఇరవై ఏళ్ళ సంసారంలో నాలుగో పూట ఒకటి నాకు తెలియకుండానే నడుస్తోంది. షేక్ చేసిన అసలు మేలు ఇదే అంటాను నేను. ఇంటి తిండి తింటున్నంతకాలం ఆ మెతుకులు ఆ తిండిలోనే కలిసిపోయేవి, కంటికి ఆనేవి కావు. రెండు పూటలు ఖాళీ అయ్యేసరికి ఖాళీ హాలులో వదిలేసిన చెప్పుల్లా కనిపించాయి.

ఆ అమ్మాయి నియమం పెట్టింది: గ్లాసూ కంచమూ తప్ప మధ్యలో ఏదీ నోట్లోకి వెళ్ళకూడదు. పాలు మార్చడం తేలిక. మిగిలినవి చిన్న గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టడం, లేదా మా వీధి కుక్కకు పెట్టడం కూడా అలవాటు చేసుకోవచ్చు. కానీ ఉప్పు చూడకుండా ఐదుగురికి వండడమెలా? ఆ రాత్రి అత్తయ్యతో అదే మొరపెట్టుకున్నాను.

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండా, "నైవేద్యానికి వండేటప్పుడు ఉప్పు చూస్తామా, అమ్మాయ్?" అన్నారు.

నిజమే కదా! వరలక్ష్మీ వ్రతం నాడు తొమ్మిది రకాలు ఒక్కటీ నోట పెట్టకుండా వండుతాం. దేవుడికి పెట్టకముందు రుచి చూడం. ఏనాడూ ఉప్పు తప్పలేదు. చెయ్యి తీసుకున్నంత తీసుకుంటుంది, ముక్కు చెబుతుంది, పులుసు పొంగే తీరు చెబుతుంది. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో రోజూ నైవేద్యమే వండాను. మొదటి వారం పప్పులో రెండుసార్లు ఉప్పు ఎక్కువైంది, ఒకసారి చారు చప్పగా ఉంది. పిల్లలు ముఖాలు పెట్టారు. తరవాత అత్తయ్య రుచి చూసే బాధ్యత తీసుకున్నారు. ఆవిడ బీపీ మనిషి కాబట్టి ఆవిడ నాలుకకు సరిపోయిన ఉప్పు మావారికి చాలేది కాదు. ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గింది, ఎవరూ చావలేదు.

నాలుగో వారం నుంచి బరువు కదిలింది. వారానికి అరకిలో, ఆరు వందల గ్రాములు. ఆకలి పెద్దగా బాధించలేదు, నాలుకే బాధించింది. గుంటూరు నాలుకకు రోజుకు రెండుసార్లు వెనిలా తీపి! ఆరో వారానికి డబ్బా మూత తీస్తేనే కడుపులో తిప్పేది. చాక్లెట్‌కు మారాను. దాంట్లో ఫిల్టరు డికాక్షన్ రెండు చెంచాలు కలిపితే కొంత ఊరట. ఏలకుల పొడితో ఇంకొన్ని రోజులు లాగాను. కానీ కారం లేకపోవడం వేరే బాధ. ఒక రాత్రి పదింటికి చిన్నపిల్లలా ఏడుపొచ్చి, డైటీషియన్‌కు ఫోను చేశాను, షేక్‌తో పాటు ఊరమిరపకాయ ఒకటి తినవచ్చా అని. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. "నూనెలో వేయించకుండా, పెనం మీద కాల్చుకుని ఒకటి తినండి మేడం. మిగతా పేషెంట్లకు చెప్పకండి" అంది. పాలలాంటి తీపి గుటక, వెంటనే ఊరమిరపకాయ కొసను పంటితో కొరకడం. అదేం జోడీ అని మావారు మొహం తిప్పుకునేవారు. నా ప్రాణం మాత్రం దానివల్లే నిలబడింది.

ఖర్చు సంగతి దాచడమెందుకు. గ్లాసుకు పొడి, పాలు కలిపి ఎనభై రూపాయలు పడింది. నెలకు నాలుగువేల ఎనిమిది వందలు. ఆ డబ్బుకు మా ఇంటికి నెల సరుకుల్లో సగం వస్తాయి. పొద్దున్న రెండు ఇడ్లీ, ఒక గుడ్డు, కప్పు సాంబారు తింటే అంతే క్యాలరీలు వస్తాయి, ఖర్చు మూడో వంతు. మరి షేకే ఎందుకు? ఇడ్లీ దగ్గర నేను రెండుతో ఆగను. గ్లాసు ఖాళీ అయితే ఖాళీయే, దానికి మారు వడ్డన లేదు. "ఇంకొక్కటి వేసుకో" అనేవాళ్ళూ ఉండరు. నేను డబ్బు కట్టింది ఆ ముగింపుకే.

ఇంటర్ పరీక్షల రోజుల్లో షేక్ నిజంగా సుఖమనిపించింది. పొద్దున్నే హడావిడిగా వెళ్ళి మూడు గంటలు నిలబడే ఇన్విజిలేషనుకు, బల్ల మీద గ్లాసు పెట్టుకుని తాగేసి పోవడం కంటే సులువేముంది? స్టాఫ్ రూములో సాయంత్రం మిర్చి బజ్జీల పొట్లం విప్పినప్పుడు మాత్రం లేచి గ్రంథాలయంలోకి వెళ్ళిపోయేదాన్ని. మొదట్లో ఎగతాళి చేసిన తోటివాళ్ళు ఎనిమిదో వారానికి డబ్బా పేరు అడగడం మొదలుపెట్టారు. చెప్పలేదు. థైరాయిడ్ ఉందా, కిడ్నీ ఎలా ఉంది, షుగరు మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగి, డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. ఒకావిడకు కోపం కూడా వచ్చింది, రహస్యంగా తగ్గిపోదామని దాస్తున్నాననుకుంది.

శివరాత్రి నాడు షేక్ ఉపవాసంలోకి వస్తుందా అని ఇంట్లో చర్చ జరిగింది. అత్తయ్య డబ్బా వెనక ఉన్నదంతా మనవరాలితో చదివించుకుని, "పాల పొడే కదా, తాగు" అని తీర్పు ఇచ్చారు. ఇరవై నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకు నిద్ర వచ్చిందని నా అనుమానం.

తొమ్మిదో వారం తూకం ఆగింది. పది రోజులు ముల్లు కదల్లేదు. అదే వారం తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. బరువు త్వరగా తగ్గినప్పుడు రెండు మూడు నెలలకు జుట్టు కుదుళ్ళు ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయట. మళ్ళీ వస్తుంది, కానీ నెలలు పడుతుందన్నారు. నిజంగానే ఏడు నెలలు పట్టింది. ఈ ముక్క మొదట చెప్పి ఉంటే మొదలుపెట్టేదాన్ని కాదేమో. అదే వారంలో ఒక పొద్దున్న బియ్యం కడుగుతుంటే ఎడమచేతి గాజు ఒకటి వేళ్ళ మీదికి జారి గిన్నెలో పడింది. కుడితి నీళ్ళ అడుగున బియ్యం మధ్య అలా కనిపిస్తే, పారబోసే ముందు కాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఉగాది పన్నెండో వారంలో వచ్చింది. ఆ రోజుకు పచ్చడి రెండు చెంచాలు, ఒక బొబ్బట్టు అని ముందే పద్దు రాసుకున్నాను. ఏప్రిల్ 14న తూకం 73.8. ఏడున్నర కిలోలు. నడుము చుట్టుకొలత 98 నుంచి 91 సెంటీమీటర్లకు దిగింది. ఆడవాళ్ళకు 80 దాటకూడదంటారు కాబట్టి నేనింకా సగం దారి కూడా రాలేదు. చక్కెర సగటు 5.8. డాక్టరుగారు థైరాయిడ్ మాత్ర మోతాదు ఒక మెట్టు తగ్గించారు. మానేయమనలేదు.

షేక్ మొదలుపెట్టడం కంటే మానడం కష్టం, ఇది ఎవరూ ముందు చెప్పరు. గ్లాసు ఉన్నంతకాలం నేను ఆలోచించాల్సింది లేదు. అది పోగానే మళ్ళీ కంచం, మళ్ళీ అన్నం వడ్డించే హస్తం, మళ్ళీ "ఇంకొంచెం". మొదటి నెల రాత్రి షేక్ మానేసి, పొద్దున్నది ఉంచుకున్నాను. రెండో నెల వారానికి మూడుసార్లు. ఆ మే నెలలోనే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉంది అందులో. నా పాత కంచాన్ని లెక్కగడితే అన్నం, దోసె, ఉప్మా కలిపి డెబ్భై దాటాయి. టీ కప్పు కొలత అందుకే ఇంట్లో ఉండిపోయింది. ఇప్పటికి ఏడాది పైన అయింది, తూకం 75 దగ్గర ఊగుతోంది. పెళ్ళిళ్ళ నెలలో 76.5 దాకా పోయి, రెండు వారాలు రాత్రి షేక్‌తో వెనక్కి వచ్చాను. ఒక డబ్బా ఎప్పుడూ అలమరలో ఉంటుంది, జ్వరం మాత్రల పక్కన.

షేక్ మానే ఆ రోజుల్లోనే ఆవకాయ పెట్టాం. పదిహేను కాయలు, అత్తయ్య కొలతలు, కొత్త కారం, ఆవపిండి, నువ్వుల నూనె. జాడీలోకి ఎత్తాక పెద్ద బేసినుకు చుట్టూ ఎర్రగా గుజ్జు అంటుకుని ఉంది. మా ఇంట్లో ఏటా అందులోనే వేడి అన్నం గుమ్మరించి, నెయ్యి పోసి, అత్తయ్య కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళ చేతుల్లో ముద్దలు పెడతారు. గిన్నె అడుగు తిండికి అంతకు మించినది లేదు. నేను పొయ్యి గట్టు తుడుస్తూ అటు చూడకుండా నిలబడ్డాను. పిల్లలు, మావారు అప్పటికే రెండేసి ముద్దలు తిన్నారు.

"రా, ఇలా వచ్చి కూర్చో" అన్నారు అత్తయ్య.

"వద్దు అత్తయ్యా, మధ్యాహ్నం కంచంలో వేసుకుంటాను."

"కూర్చుని తింటే తప్పేముంది? నిలబడి తినవద్దనేగా ఆ పిల్ల చెప్పింది. ఉప్పు సరిపోయిందో లేదో కూడా నువ్వే చెప్పాలి, వీళ్ళకేం తెలుసు!"

చేతులు కడుక్కుని బేసిను పక్కన నేల మీద కూర్చున్నాను. గాజులు మోచేతి వైపు తోసుకుని చెయ్యి చాపాను. నిమ్మకాయంత ముద్ద పెట్టారు. నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలాను.

"ఒక గుప్పెడు పడుతుంది" అన్నాను.